నాన్న నడిపిన 1210 లారీకి కిట్ దొరకడం లేదు. అసలు లారీలో ఇరవై నాలుగో వంతు (1/24) బొమ్మగా కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లారీగారబ్బాయి · ఆగస్టు 11

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా నాన్న 1983లో సెకండ్ హ్యాండ్‌లో ఒక టాటా 1210 కొన్నారు. ముక్కున్న లారీ, సెమీ ఫార్వర్డ్ అంటారే అది. టాటావాళ్లకీ జర్మనీ డైమ్లర్ బెంజ్‌కీ ఉన్న ఒప్పందం 1954లో మొదలై 1969లోనే అయిపోయింది. అయినా మా ఊళ్లో దాన్ని చివరిదాకా బెంజి లారీ అనే అన్నారు. గుంటూరులో మిర్చి బస్తాలెక్కించుకుని కలకత్తా వెళ్లేవారు, తిరుగు లోడు ఏది దొరికితే అది. 1997లో అమ్మేశారు. ఇంట్లో మిగిలింది 1991లో తీసిన ఒకే ఒక్క ఫోటో. నాన్న ఎడమ మడ్‌గార్డుకి ఆనుకుని నిలబడ్డారు, పైన క్యారియర్ మీద క్లీనరు కూచుని ఉన్నాడు. ఫోటో మొత్తం నారింజ రంగుకి తిరిగిపోయింది, క్యాబిన్ రంగేమిటో కూడా తెలియదు. అడిగితే నాన్న, "నేషనల్ పర్మిట్ రా, ఎండుటాకు రంగు కాక ఇంకేముంటుంది" అన్నారు. ఆయనకిప్పుడు 74.

ఆ లారీని బొమ్మగా కట్టి ఆయన ముందు పెట్టాలని ఉంది. దానికి కిట్ (విడిభాగాల డబ్బా) కోసం నెల రోజులుగా వెతుకుతున్నా. 1/24లో, 1/25లో అమెరికా, యూరప్ లారీలు బోలెడు. 1/35కి వెళ్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి మెర్సిడెస్ ఎల్ 4500, ఓపెల్ బ్లిట్జ్ ఉన్నాయి. మన 1210 మాత్రం నాకెక్కడా కనపడలేదు.

రెండో బాధ: చెయ్యి అలవాటు కావాలని ముందు రెవెల్‌వాళ్ల 1/24 బీటిల్ కారు కిట్ తెచ్చాను. అతికించడం వరకు బాగానే సాగింది. మొన్న ముసురు పట్టిన రోజు మేడ మీద షెడ్డులో నీలం లాకర్ (గబగబా ఆరే రకం రంగు) స్ప్రే కొట్టాను. పావుగంటలో కారంతా విభూతి రాసినట్టు తెల్లబడింది. కంగారులో అద్దాలు ఫెవిక్విక్‌తో అంటించాను. పొద్దున చూస్తే అద్దాలకి పొగ పట్టినట్టుంది. ఈ చేతులతో నాన్న లారీ కట్టడం అయ్యే పనేనా? కట్టగలిగితే కిట్ లేకుండా ఎలా?

---

పొరమీదపొర · ఆగస్టు 11

ఇంత కష్టం ఎందుకు బ్రో. ఫోటో ఇస్తే కంప్యూటర్లో క్యాబిన్ మోడల్ గీసేవాళ్లు ఉన్నారు. రెజిన్‌లో 3డి ప్రింట్ తీయించుకో, రంగేసుకో. వారం పని.

---

సాగరతీరం · ఆగస్టు 12

లారీ అన్నా, ముందు టెన్షన్ పడకండి. బీటిల్ చచ్చిపోలేదు.

నాది విశాఖ. సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో కూచుని పదేళ్లుగా రంగులు కొడుతున్నాను కాబట్టి ఆ విభూతి నాకు బాగా పరిచయం. లాకర్‌లో ఉండే థిన్నర్ గబగబా ఆవిరైపోతుంది. అలా ఆరేటప్పుడు కారు పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తడి ఎక్కువుంటే ఆ చల్లదనానికి సన్నటి నీటి తుంపర వచ్చి రంగు మీద కూచుంటుంది. చల్లటి సోడా సీసాకి చెమట పట్టినట్టే, కాకపోతే ఇక్కడ ఆ చెమట రంగు లోపల ఇరుక్కుపోతుంది. పొడిగా ఉన్న రోజు చూసి రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిపిన లాకర్ థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్‌తో పలుచగా, దూరం నుంచి ఒక్క చేయి కొట్టండి. పైపొర మళ్లీ మెత్తబడుతుంది, లోపలి తడి బయటికి పోతుంది. చాలాసార్లు రంగు తిరిగొస్తుంది. రాకపోతే గరుకు కాగితం, మళ్లీ మొదటినుంచి. నేను ఒక ఫియట్ 1100కి మూడుసార్లు చేశాను.

పొద్దున్నే లేచి కొట్టకండి. మన తీరంలో తెల్లవారుజామున గాలిలో తడి అన్నిటికంటే ఎక్కువ. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య మంచిది. డబ్బాని పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే రంగు సన్నగా పడుతుంది. గోరువెచ్చని అన్నాను, స్టవ్ మీద కాదు. ఏసీ గదిలో తలుపులు మూసుకుని కొట్టే తెలివితేటలు కూడా వద్దు, ఆ వాసనకి తల తిరిగిపోతుంది.

ఇక అద్దాలు. ఫెవిక్విక్ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి చుట్టుపక్కల నున్నటి ప్లాస్టిక్ మీద తెల్లగా పేరుకుంటుంది. అద్దం పనికి ఎప్పుడూ మామూలు తెల్ల ఫెవికోలే. ఆరాక కనపడదు, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. ఆకుపచ్చ మూత టమియా గమ్ము అయితే ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది, దాన్ని అద్దాల దరిదాపుల్లోకి రానివ్వకండి. పాడైన అద్దాన్ని టూత్‌పేస్టుతో నెమ్మదిగా రుద్ది, పైన నిగనిగలాడే క్లియర్ పూత వేయండి. నేను పళ్ల డాక్టర్ని, టూత్‌పేస్టు మీద నా మాట నమ్మొచ్చు.

లారీ గురించి నాకు తెలియదు. తెలిసినవాళ్లు వస్తారు.

---

చెక్కబాడీ · ఆగస్టు 12

ఫోన్లో మాట్లాడుతుంటే అదే రాసుకుంటోంది, తప్పులుంటే సర్దుకోండి.

అబ్బాయ్, నీ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది, కోప్పడకు. 1210కి కిట్ లేదంటున్నావు. అసలు ఆ లారీయే కంపెనీలో పూర్తిగా తయారయ్యేది కాదు. జంషెడ్‌పూర్ నుంచి వచ్చేది చాసీ, ఇంజను, ముందు బానెట్టు, మడ్‌గార్డులు, స్టీరింగు. అంతే. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూచుని, తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎండకీ వానకీ ఓర్చి ఆటోనగర్ దాకా తోలుకొచ్చేవాడు. క్యాబిన్ మేం కట్టాం, వెనక బాడీ మేం కట్టాం. నేను 1978 నుంచి 2011 దాకా విజయవాడ ఆటోనగర్లో అదే పని చేశాను. ఒక్క బాడీ ఇంకోదానిలా ఉండదు. ఒకాయన కిటికీ కిందికి కావాలంటాడు, మోచెయ్యి పెట్టుకోడానికి. ఇంకొకాయన సీటు వెనక పడుకునే చెక్క వెడల్పు చేయమంటాడు. అందుకని కిట్ వెతకడం ఆపెయ్. చాసీ కొనుక్కో, బాడీ కట్టు. మీ నాన్న బండికి మొదట జరిగింది అదే.

1/24 అంటే ఏంటని మా మనవణ్ణి అడిగాను. అడుగుకి అర అంగుళం తాతా అన్నాడు. ఓస్, ఇంతేనా అనుకున్నా. మాది మొత్తం అడుగులు, అంగుళాల లెక్కే. పదిహేడు అడుగుల బాడీ నీకు ఎనిమిదిన్నర అంగుళాలు. ఏడడుగుల వెడల్పు మూడున్నర. రెండంగుళాల రీపరు కావాలా? అగ్గిపుల్ల తీసుకో. అది రెండు మిల్లీమీటర్లుంటుంది, ఇరవై నాలుగుతో హెచ్చిస్తే రెండంగుళాలకి రవ్వంత తక్కువ. అడుగు పలకలకి ఐస్ పుల్లలు సరిపోతాయి.

ఫోటోలోంచి కొలతలు తీయడం చెప్తాను. ఆ లారీలకి వేసే తొమ్మిది-ఇరవై సైజు టైరు నిలువు నలభై అంగుళాలు. ఫోటోలో ముందు టైరు ఎంతుందో స్కేలు పెట్టి చూడు, తలుపు ఎంతుందో చూడు, లెక్క వచ్చేస్తుంది. తలుపు టైరు పక్కనే కాబట్టి పెద్ద తేడా రాదు. వెనక బాడీకి మాత్రం ఈ లెక్క పెట్టుకోకు, దూరం పోయేకొద్దీ ఫోటోలో అన్నీ చిన్నవైపోతాయి. దానికి మీ నాన్ననే అడుగు. పద్నాలుగేళ్లు బస్తాలెక్కించినాయనకి బాడీ పొడుగు తెలియకుండా ఉంటుందా?

క్యాబిన్ చెక్కతోనే కట్టు, ప్లాస్టిక్ వద్దు. కింద చట్రం, దాని మీద నిలువు కంబాలు, పైన కొంచెం విల్లులా వంచిన అడ్డకర్రలు, ఆ పైన రేకు. ఈ వరస తప్పితే తలుపు సరిగా పడదు, చిన్నదానికైనా అంతే. చెక్కకి కొండపల్లి వెళ్లు. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క దూదిలా తేలిగ్గా ఉంటుంది, చాకుతో కోసినా చీలదు. సందులు పూడ్చడానికి వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. కొట్లో దొరికే డబ్బా పుట్టీల కంటే అది నయం. రేకుకి కూల్‌డ్రింక్ డబ్బా కోసుకో, అంచులు చేతికి తెగుతాయి జాగ్రత్త.

ఒక్క మాట గుర్తుంచుకో. బాడీ అడుగున రెండు పొడుగు దూలాలు చాసీ మీద కూచుంటాయి. వాటిని యూ బోల్టులతో చాసీకి కౌగిలించినట్టు బిగిస్తాం. అంతేగాని చాసీకి బెజ్జం పెట్టం, పెడితే లోడు మీద అక్కడే పగులుతుంది. బొమ్మకి లోడు లేదు నిజమే. తెలిసినవాడెవడైనా బొమ్మని తిరగేసి చూస్తాడు.

3డి ప్రింట్ అన్న బాబుకి: చేయించుకోవచ్చు. ఆ పని మెషిన్ చేస్తే ఇతను వాళ్ల నాన్నతో కూచుని ఏం మాట్లాడతాడు?

---

ట్రాయ్‌గరాజ్ · ఆగస్టు 13

చెక్కబాడీ గారూ, దండం. మీరు చెప్పింది చదివాక నా గరాజ్‌లో ఉన్న కిట్లన్నీ బోసిగా కనిపిస్తున్నాయి.

చాసీ సంగతి నేను చెప్తాను. నేను ఉండేది మిషిగన్‌లో ట్రాయ్. ఏఎమ్‌టీ అనే బొమ్మ కిట్ల కంపెనీది ఒకప్పుడు ఈ ఊరే. పేరులో ఏ అంటే అల్యూమినియం. 1948లో మొదలుపెట్టినప్పుడు వాళ్లు చేసింది ప్లాస్టిక్ కార్లు కాదు, అల్యూమినియంవి. కార్ల షోరూముల్లో కొనేవాళ్లకి చూపించడానికి, పిల్లలకి ఇవ్వడానికి అచ్చు కారులాంటి చిన్న కార్లు ఇచ్చేవాళ్లు. తర్వాత అవి ప్లాస్టిక్‌కి మారాయి. తొలి రోజుల ప్లాస్టిక్ ఎసిటేట్, ఏళ్లు గడిచేకొద్దీ వంగిపోతుంది. నా దగ్గర ఒకటుంది, వెనక నుంచి చూస్తే అరటిపండే. 1958 నుంచి అదే కార్లని విడిభాగాలుగా డబ్బాలో పెట్టి, మూడు రకాలుగా కట్టుకోండని అమ్మారు. మనం ఈరోజు ఆడుకునే 1/25 కొలత ఆ షోరూము కార్ల నుంచి వచ్చిందే.

మీకు కావలసింది రెండు ఇరుసుల లారీ. పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్ లాంటివి చూసి ముచ్చట పడొద్దు, అవి పది టైర్ల ట్రాక్టర్లు. ఏఎమ్‌టీ 1/25లోనే ఫోర్డ్ సి-600 సిటీ డెలివరీ అని ఒకటి ఉంది. ముందు రెండు, వెనక నాలుగు. దాని క్యాబిన్, వెనక డబ్బా పక్కన పారేయండి. చాసీ పట్టాలు, కమాన్‌కట్టలు, డిఫరెన్షియల్, చక్రాలు వాడుకోండి. 1/24, 1/25 తేడా నాలుగు శాతం. మీ నలభై అంగుళాల టైరు 1/24లో 42 మిల్లీమీటర్లు రావాలి, 1/25లో 41కి కాస్త తక్కువ. మీ నాన్నగారు స్కేలు పట్టుకుంటే తప్ప తెలియదు.

చక్రాల డిస్కులు మాత్రం మార్చుకోవాలి. మన పాత లారీలకి డిస్కు మీద టైరుని పట్టి ఉంచే లాక్ రింగ్ ఉండేది, గుర్తుందా? టైరు, డిస్కు కలిసేచోట సన్నటి రాగి తీగ చుట్టి రంగేస్తే అదే లాక్ రింగ్.

రంగులు పంపమని మాత్రం అడగొద్దు. లాకర్, స్ప్రే డబ్బాలు మండే సరుకు, విమానంలో సామాన్లలో పెట్టనివ్వరు. ఇంకేమైనా అడగండి.

---

లారీగారబ్బాయి · ఆగస్టు 14

అందరికీ పేరుపేరునా థాంక్స్. బాబాయ్ గారూ, మీ జవాబు నాన్నకి చదివి వినిపించాను. "పదిహేడు కాదు, పదిహేడున్నర. ఆ అర అడుగు కోసం మేస్త్రితో గొడవ పడ్డాను" అన్నారు. అప్పుడు లేచి వెళ్లి పాత పర్మిట్ కాగితాలు ఉన్న ట్రంకుపెట్టె తీశారు. రాత్రి పదకొండైంది పడుకునేసరికి.

ఫోర్డ్ ఆర్డర్ పెట్టాను.

---

లారీగారబ్బాయి · జనవరి 19

ఐదు నెలలైంది. ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను.

బీటిల్ బతికింది. డాక్టర్ గారు చెప్పినట్టు అక్టోబరులో ఎండ కాసిన మధ్యాహ్నం థిన్నర్ కొడితే నీలం తిరిగొచ్చింది, పైకప్పు మీద చిన్న మచ్చ మిగిలింది తప్ప. ఉండనిచ్చాను.

లారీ క్యాబిన్ మూడుసార్లు కట్టాను. మొదటిది కంబాలు ముందు పెట్టి చట్రం తర్వాత చేశాను. బాబాయ్ గారు అన్నట్టే తలుపు పడలేదు. రెండోది బానే వచ్చింది గాని నాన్న చూసి, అద్దం మరీ నిటారుగా ఉంది, కొంచెం వెనక్కి వాలాలి అన్నారు. ఎంత అంటే చెయ్యి గాల్లో పెట్టి చూపించారు. ఆ చేతిని సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి కోణం కొలిచాను. నవ్వుకోండి, సరిగ్గా వచ్చింది.

పొణికి చెక్క కొండపల్లిలో ఒక బొమ్మల ఇంట్లో అడిగాను. డబ్బులు తీసుకోలేదు, ముక్కలే కదా అన్నారు. మక్కు మాత్రం నాకు కుదర్లేదు, ఆరాక బీటలు తీసింది. చివరికి ఎం-సీల్‌తో సరిపెట్టాను. బాబాయ్ గారు మన్నించాలి.

పట్టాకి టిష్యూ కాగితం, నీళ్లు కలిపిన ఫెవికోల్. మోకులు నూలు దారం మూడు పేటలు పురిపెట్టి చేశాను. ముళ్లు నాన్న వేశారు. మోకు లాగి బిగించే ఆ ముడి నాకు పదిసార్లు చూపించినా రాలేదు. ఆయన వేళ్లు వణుకుతాయి గాని ముడి దగ్గరికొచ్చేసరికి వణుకు ఆగిపోయింది.

అక్షరాలు పెద్ద తలనొప్పి అయ్యాయి. ఎండుటాకు రంగు మీద తెల్ల అక్షరాలు. ఇంటి ప్రింటర్లో తెల్లసిరా ఉండదు. ఆటోనగర్లో బోర్డులు రాసే పెయింటర్ దగ్గరికి బొమ్మ పట్టుకెళ్తే, "ఇంత చిన్నగా నా వల్ల కాదు సార్, నా సైజులో రాసిస్తా, మీరే కుదించుకోండి" అన్నాడు. చార్టు మీద చాక్‌పీసు గీతలు కొట్టి, "కనకదుర్గ ప్రసన్న", "సౌండ్ హారన్", తలుపు మీది గుండ్రం, అందులో ఎన్.పి. (నేషనల్ పర్మిట్), అన్నీ అరగంటలో రాసిచ్చాడు. స్కాన్ చేసి, కుదించి, తెల్ల డెకాల్ కాగితం (తడిపి బొమ్మకి అంటించేది) మీద చుట్టూ బ్రౌన్, అక్షరాల చోట ఖాళీ వచ్చేలా ప్రింట్ తీశాను. రెండు బ్రౌన్‌లూ కలవడానికి ఏడు ప్రింట్లు పట్టింది. దగ్గర్నుంచి చూస్తే ఇప్పటికీ కలవలేదు.

ఇక తప్పు చేసింది ఒకటుంది. ఇంటర్నెట్‌లో అందరూ పాత లారీలకి తుప్పు, గీతలు, నూనె మరకలు వేస్తారు కదా. నేనూ రెండు రాత్రులు కూచుని స్పాంజి ముక్కతో మడ్‌గార్డులకి, తలుపు అంచులకి తుప్పు అద్దాను. నా కంటికి అద్భుతం. పొద్దున నాన్న కాఫీ పట్టుకుని వచ్చి, చూసి, గ్లాసు కింద పెట్టారు.

"ఎవరి లారీ రా ఇది?"

"మనదే నాన్నా."

"మన బండికి తుప్పు ఎప్పుడు చూశావ్? ప్రతి అమావాస్యకి కడిగి నిమ్మకాయలు కట్టేవాణ్ణి. కలకత్తా నుంచి ఏ రాత్రి వచ్చినా తుడవకుండా ఇంటికొచ్చానా?"

కింద రంగు లాకర్, తుప్పు అక్రిలిక్ కాబట్టి స్పిరిట్‌లో ముంచిన దూదితో మొత్తం వచ్చేసింది. మడ్‌గార్డుల లోపలివైపు దుమ్ము మాత్రం ఒప్పుకున్నారు. ఇచ్ఛాపురం దాటాక ఆ రోజుల్లో రోడ్డు అంతే, దుమ్ము పట్టకుండా ఎవడూ రాలేడన్నారు.

నిన్న సాయంత్రం మొత్తం బిగించి టీవీ పక్కన పెట్టాను. ఆయన బొమ్మని ఎత్తి, తిరగేసి, యూ బోల్టులు చూశారు. (బాబాయ్ గారూ!) కిందికి వంగి చాసీ కింద వెతికారు. తర్వాత నా వైపు తిరిగి, "స్టెప్నీ ఏది?" అన్నారు.

ఫోర్డ్ కిట్‌లో ఆరే టైర్లు వచ్చాయి. స్టెప్నీ లేకుండా బండి గడప దాటదట. ఎవరి దగ్గరైనా 41 మిల్లీమీటర్ల టైరు ఒక్కటి మిగిలి ఉందా?

---

చెక్కబాడీ · జనవరి 19

మక్కు బీటలు తీసిందంటే పొట్టు తక్కువైంది. పర్లేదు.

స్టెప్నీ మీ నాన్న ఎక్కడ పెట్టేవాడో అడిగి అక్కడే పెట్టు. కొందరు చాసీ కింద వేలాడదీసేవాళ్లు, కొందరు క్యాబిన్ వెనక.

---

ట్రాయ్‌గరాజ్ · జనవరి 20

పాడైన పీటర్‌బిల్ట్ ఒకటి ఉంది, పది టైర్లూ పనికొస్తాయి. అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి. రెండు పంపుతాను, ఒకటి పంక్చరైతే ఉంటుంది. టైరే కాబట్టి విమానం ఎక్కనిస్తారు.